కారు ఎనుక రెండో ఎర్రబుగ్గ

మొన్న మొయినాబాద్‌ల, రోడ్డు పక్కన కార్ల సామాన్లమ్మే దుకాణం ముందల మా మేనల్లుడు తన పాత కారు ఆపిండు. సీటు కవర్లు, రకరకాల హారన్లు, పండుగ లేకున్నా మెరుస్తుండే లైట్లు వేలాడే దుకాణం అది. ఎనుక అద్దం లోపలి దిక్కు ఇంకొక బ్రేకు లైటు పెట్టిస్తడట, ఎనుకొచ్చేటోళ్లు కండ్లు మూసుకొని నడుపుతున్నరట. "జర సేపే అత్తమ్మా, కూసో" అన్నడు. దుకాణపాయన సన్న తీగె కొస పట్టుకొని, మీది తోలు ఊడదీసెటందుకు లైటరుతోని జరంత కాల్చిండు. ఆ కాలిన రబ్బరు వాసన ముక్కుకు తగిలిందో లేదో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న. తలుపు తెర్సుకొని దిగి, ఎండల పోయి నిలబడ్డ. "ఏమైంది అత్తమ్మా, గ్యాసా?" అన్నడు మావోడు. అవు, గ్యాసే అన్న. ఈ వయసుల ఆడిదానికి ఏమైనా గ్యాసే అనుకుంటరు, మనం గూడ అదే అంటే వాళ్లకు నిమ్మళం.

గ్యాసు కాదు. అది మా బాపు చేతుల వాసన. అరవై తొమ్మిదిల, తెలంగాణ కావాలని ఊరూరా బందులు నడుస్తున్న ఆ ఎండకాలం, బాపు తీగెలు కాల్చుకుంట, రాగి మెలిపెట్టుకుంట మా నల్ల కారు ఎనుక రెండో బ్రేకు బుగ్గ పెట్టిండు. బల్బును మేం బుగ్గ అనేటోళ్లం. ఒక్క బుగ్గ పెట్టుడు ఎంత పని అనుకుంటరు ఎవలైనా. ఆ బుగ్గ ముచ్చట మా ఇంట్ల ఎవ్వలనూ నిమ్మళంగ బువ్వ తిననియ్యలే.

బాపు పేరు దానేలు. మొయినాబాద్‌ల మా ఇల్లు, ఇంటి పక్కనే పెంకుల కప్పుతోని చిన్న చర్చి, మేం దాన్ని గుడి అనేది. బాపు కారు నాకంటె పెద్దది. ఒకప్పటి జాగీర్దారు ఇంట్ల మూలకు పడి ఉంటే తెచ్చి, చేవెళ్ల నుంచి మెహిదీపట్నం దాంక కిరాయికి తిప్పుతుండె. ఏ కాలంల ఆ కారు ఏ వాసన కొడ్తదో నేను కండ్లు మూసుకొని చెప్పేదాన్ని: చలికాలమైతే చేవెళ్ల దిక్కు నుంచి వచ్చే టమాట గంపల పుల్లటి వాసన, కొత్తిమీర కట్టల పచ్చి వాసన, ఎండకాలం మామిడికాయల జీడి, వానకాలం తడిసిన గొంగళ్లు, సీతాఫలాలు దిగితే సీటు సందులల్ల నల్లటి గింజలు, అన్నిటి కింద ఎప్పటికీ పోని పెట్రోలు కంపు. ఆ గింజలు ఏరి, కడిగి, ఓనగుంతలు ఆడుకునేటోళ్లం మేం ఆడపిల్లలం. ఇప్పటి లెక్క ఆ కాలపు కారుకు రెండు దిక్కుల రెండు ఎర్ర లైట్లు లేకుండె. ఎనుక నంబరు పలక పక్కన ఒక్కటే ఎర్ర అద్దం, దాంట్ల ఒక్కటే బుగ్గ, బాపు బ్రేకు మీద కాలు పెడితే ఎలిగేది.

ఆ ఒక్క బుగ్గను నమ్ముకొని రోజూ రోడ్డెక్కేటోడు పెంటయ్య మామ. పాల పెంటయ్య అంటే మొయినాబాద్ అంతా ఎరుకే. సైకిలుకు ఇటొక క్యాను, అటొక క్యాను కట్టుకొని పొద్దుగాల పట్నంకు పాలు తీస్కపోయి, ఇండ్లల్ల, చాయ హోటళ్లల్ల పోసి, మాపటికి ఖాళీ క్యాన్లతోని వచ్చేది. ఆయన పాలల్ల ఎవ్వలూ వేలు ముంచి చూడకపోయేది. నీళ్లు కలుపలే అని పెంటయ్య అన్నడంటే కలుపనట్టే, అంతే. ఆ పేరు మీదనే ఆయన బతుకు నడుస్తుండె. వచ్చేటప్పుడు పడమటి గాలి ఎదురు కొడ్తది గనుక మెహిదీపట్నంల బాపు కోసం ఆగి, మా కారు ఎనుకనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర సైకిలు తొక్కేది. కారు చాటుకు గాలి తగలదు. బాపు గూడ ఆయన కోసమే మెల్లగ నడిపేది. బుగ్గ ఎలిగితే బ్రేకు పట్టాలె, ఆరితే తొక్కాలె, గదే పెంటయ్య మామ లెక్క. నడుమ నడుమ బాపు ఉత్తగనే బ్రేకును తట్టి బుగ్గ మినుకుమనిపిస్తె, ఎనుక నుంచి సైకిలు గంట మోగేది. నేను ఎనుక సీటు మీద మోకాళ్ల మీద కూసొని అద్దంల నుంచి మామకు నాలుక వెల్లబెట్టేదాన్ని, ఆయన గూడ వెల్లబెట్టేటోడు.

మాకు పెద్ద పండుగ క్రిస్మసు. గోడలకు సున్నం వాసన పోకముందే ఇంట్ల గర్జెలు, అరిసెలు, మురుకులు కాలే వాసన మొదలయ్యేది. అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకపోయేది, మేం ఆమె ఎనుక నుంచి విరిగిన మురుకులు ఎత్తుకపోయి తొక్కుడుబిళ్ల ఆడుకుంట తినేటోళ్లం. పండుగనాడు గుడి ముందల పెద్ద గుండిగల బగార బువ్వ, యాటకూర వండితే, మా కులమా మీ కులమా అనకుంట వాడకట్టంతా విస్తర్లేసుకొని కూసునేది. సేమ్యాకు పాలు మాత్రం పెంటయ్య మామవి, ఇంకెవలు తెచ్చినా మామకు కోపమొచ్చేది.

గుడి మీద వెదురు బద్దల నక్షత్రం కట్టుడు రివాజు. ముందటేడు దాంట్ల నూనె దీపం పెడితే గ్లాసు కాయితం అంటుకొని నడుమ నుంచి కాలింది. గొడవలకు ముందటి ఆ క్రిస్మసుకు గుడి నాటకంల నేను దేవదూతను. మసిపట్టిన నక్షత్రం కింద నిలబడనని మొండికేసిన, బాపును పట్టుకొని ఏడ్సి ఏడ్సి యాగి చేసిన. మా గుడికి కరెంటు లేదు. ఆఖరికి బాపు కారు బ్యాటరీ భుజానేసుకొని తెచ్చి, ఎనుకున్న బ్రేకు బుగ్గ ఊడదీసి నక్షత్రంల పెట్టిండు. ఎర్ర అద్దం మరలు ఇప్పుతుంటె ఆ అద్దాన్ని పట్టుకున్నది పెంటయ్య మామనే. ఎర్ర గ్లాసు కాయితం లోపల నుంచి నక్షత్రం ఎర్రగ ఎలిగితే జనమంతా తలలెత్తి చూసిండ్రు, నేను మిడిసిపడ్డ. "ఏం రాయేలూ, మా సైకిలు దీపం తీస్కపోయి మీ దేవునికి పెట్టినవా" అని మామ నన్ను ఎక్కిరిచ్చిండు. అందరు నవ్విండ్రు.

పండుగైనంక బ్యాటరీ కారుకు తిరిగొచ్చింది గని, బుగ్గ రాలే. నక్షత్రం ఇప్పొద్దని నేనే పట్టుబట్టి మా అరుగు మీద కట్టించుకున్న. బుగ్గ దాంట్లనే ఉండిపోయింది. "దానేలన్నా, నీ బండి ఎనుక కన్ను మూసుకున్నది, జర చూడు" అని పెంటయ్య మామ ఒకపారి చెప్పిండు గూడ. "పట్నంల కొత్తది తెస్తలే" అన్నడు బాపు. తెస్త తెస్త అంటుండంగనే గొడవలు మొదలైనయ్.

పిల్లలం మాకేం తెలుసు. బడి బంద్ అయింది, అదొక్కటే తెలుసు, సంబురపడ్డం. పెద్దోళ్లు అరుగుల మీద రేడియో చుట్టు కూసొని గుసగుసలాడుతుంటే మేం గల్లీల రాళ్లు అడ్డం పెట్టి బంద్ ఆట ఆడేటోళ్లం, జై తెలంగాణ అననోన్ని దాటనియ్యకపోయేది. రేగుపండ్లు, అనుపకాయ గుడాలు జేబుల నింపుకొని రోడ్డు మీదికి పోయి, కాలిన టైర్ల నల్లటి మరకలు చూసొచ్చేటోళ్లం. బస్సులు ఒకరోజు వస్తె ఒకరోజు రాకపోయేవి.

అట్లాంటి ఒక బంద్ నాడు చేవెళ్లల ఒకామెకు కాన్పు కష్టమైతే బాపు కారు తీసిండు. బంద్ నాడు బండి తీయొద్దు, ఎరుకే, గని నొప్పులు బందును చూసి ఆగుతయా. తోడు అమ్మ వచ్చింది, అమ్మను ఇడువక నేనూ ఎక్కిన. ఆమెను పట్నం దవాఖానల చేర్పించి తిరిగొస్తున్నం. పొద్దు గూకుతున్నది, ఎండ ఎదురుంగ కండ్లల్ల కొడ్తున్నది. ఎనుక ఎప్పటి లెక్కనే పెంటయ్య మామ. పాల బండ్లను ఎవ్వలూ ఆపకపోయేది. మొయినాబాద్ ఇంకెంతో దూరం లేదనంగ, మలుపు తిరగంగనే రోడ్డుకడ్డం రాళ్లు, దుంగలు. బాపు బ్రేకు మీద నిలబడ్డడు. ఎనుక దబ్బుమన్నది. ఖాళీ క్యాన్లు రోడ్డు మీద దొర్లిన చప్పుడు ఆగకుంట వినవడ్డది. నేను దిగి చూసెసరికి మామ కింద పడి ఉన్నడు, కుడిచెయ్యి ఉండరాని తీరుగ ఒంటి కింద మడతపడి ఉన్నది.

అడ్డం పెట్టిన పిలగాండ్లు ఉరికొచ్చిండ్రు. కాలేజీ పిలగాండ్లు, ఒకరిద్దరు మా ఎరుకలోళ్లే, గని ఆ మాపు ఎవలి మొఖం ఎవలదో గుర్తు పట్టేటట్టు లేకుండె. బంద్ నాడు బండి తీసుడే తప్పు, దాని మీద కారోడు గరీబోని చెయ్యి ఇరగ్గొట్టిండు. ఒకడు బాపు అంగి పట్టిండు. ఇంకొకడు గాసునూనె తేరా, కారు కాలబెడ్దం అన్నడు. ఒక పొడుగాటి పిలగాడు కారు ఎనుకకు పోయి, వంగి చూసి, "బ్రేకు లైటు ఎలిగిందా ఎలగలేదా?" అని మామను అడిగిండు. అమ్మ నా చెయ్యి గట్టిగ పిసికింది. మేం ముగ్గురం, కింద పడ్డ మామ, బుగ్గ మా అరుగు మీది నక్షత్రంల ఉన్నదని ఆడ ఎరిగినోళ్లం నలుగురమే.

"ఎలిగింది బిడ్డా" అన్నడు పెంటయ్య మామ. పండ్లు గిట్టకరుసుకొని అన్నడు. "ఎర్రగ ఎలిగింది. నేనే ఎటో చూసుకుంట వచ్చి మీద పడ్డ. ఆయన తప్పు లేదు, ఇడువుండ్రి."

పాల పెంటయ్య చెప్పిండంటే ఇంక పరీక్షలు ఏంటియి. అంగి ఇడిసిండ్రు, రాళ్లు వాళ్లే జరిపిండ్రు, మామను వాళ్లే ఎత్తి మా కారుల కూసోబెట్టిండ్రు. తొవ్వ పొడుగూత మామ ఇరిగిన చెయ్యి ఒళ్లె పెట్టుకొని మూలిగిండు. నేను మాత్రం కారు కాలలే అని లోపల లోపల సంతోషపడ్డ. ఆ సంతోషం యాదికొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

చెయ్యి వంకరగ అతికింది. సైకిలు హ్యాండిలు పట్టరాలే. "ఎర్రగ ఎలిగిన బుగ్గ కనవడలేదంటే కండ్లు యాడ పెట్టుకున్నవ్ పెంటయ్యా" అని చాయ హోటలు కాడ జనం ఆడుకుంటుంటె నవ్వి ఊకునేటోడు. బాపు ఆయన క్యాన్లు రోజూ కారుల ఎక్కించి, ఆయనను ముందట సీటుల కూసోబెట్టుకొని పట్నం తిప్పుడు మొదలుపెట్టిండు. ఇంట్ల మాత్రం బాపుకు నిద్ర లేదు. మా గుడిల ఒక పట్టింపు ఉండె: ఎవలికన్న చేసిన తప్పు దిద్దుకోకుంట ప్రభువు బల్ల కాడికి, అంటే ప్రభువు యాదిల రొట్టె పంచే కాడికి పోయి తినొద్దు. బల్ల పెట్టే ఆదివారం అందరు లేచి ముందటికి పోతుంటె బాపు ఎనుక గోడకు ఆనుకొని తల వంచుకొని కూసునేది. చూసేటోళ్లకు అర్థం కాకపోయేది. నాకు అర్థమయ్యేది. నా నక్షత్రం కోసమే గద. చిన్నపిల్లవు, నీ తప్పేముంది అని ఎవలైనా అంటరు, నాకూ తెలుసు, తెలిసినా పానం ఒప్పుకోదు.

ఎండలు ముదిరినంక చేవెళ్లల పాత లారీలు ఇప్పే షెడ్డు నుంచి బాపు ఒక ఎర్ర అద్దం డబ్బా తెచ్చిండు. పాత బుగ్గను నక్షత్రంల నుంచి తీసి కారుకు ఎప్పుడో పెట్టుడైంది, గని ఆయనకు అది సాలలే. ఈ డబ్బాల ఇంకొకటి పెడ్త అన్నడు. బడి లేదు, నేనే తోడు. బ్రేకు కింద ఒక మీట ఉంటది, కాలు పెడితే కరెంటు దాంట్ల నుంచి తీగె పట్టుకొని కారు కింది నుంచి ఎనుకకు పోతది. పాత బుగ్గ కాడ ఆ తీగెను జరంత చీరి, కొత్త తీగె కొస కాల్చి, రాగిని రాగికి మెలిపెట్టి, మీద నల్ల టేపు, టేపు మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టిండు. ఇంకో తీగెను కారు రేకుకు బిగిచ్చిండు. నాకు కాళ్లందవు గనుక ముందట సీటు కింద దూరి రెండు చేతులతోని బ్రేకు నొక్కాలె.

"నొక్కు" అనేది ఎనుక నుంచి. "ఇడువు."

మొదలు కొత్త బుగ్గ మాడినట్టు గుడ్డిగ ఎలిగింది. రేకు మీద రంగు పోలే, కరెంటుకు తిరిగిపోయే తొవ్వ లేదని, ఇనుము తెల్లగ కనవడేదాంక ఉప్పుకాయితం పెట్టి రుద్దిండు. అప్పుడు రెండూ మంచిగ ఎలిగినయ్. అయినా ఇడువలే. పాత బుగ్గ తీసి కొత్తది ఒక్కటే ఎలుగుతదా అని చూసిండు, కొత్తది తీసి పాతది చూసిండు, మళ్ల మొదటికొచ్చిండు. ఒకటి పోయినా ఇంకోటి ఉండాలె అని తనకు తనే చెప్పుకునుడు. నా చేతులు గుంజుతున్నయ్. "సాలు గద బాపూ" అంటే, "ఇంకొక్కపారి బిడ్డా" అన్నడు. అరుగు మీద, వంకర చెయ్యి ఒళ్లె పెట్టుకొని కూసున్న పెంటయ్య మామ నవ్విండు: "నీ బండికి రెండు కండ్లొచ్చినయ్ దానేలన్నా. ఇంక ఫికర్ ఎందుకు." బాపు ఆయన దిక్కు చూడలే.

రెండో బుగ్గ పెట్టినా బాపు రొట్టె కాడికి పోలే. "చెప్పేసెయ్యి, చెప్తెనే నీ పానం నిమ్మళమైతది" అని అమ్మ పోరు పెట్టింది. మా గుడిల సాక్ష్యం చెప్పుడని ఉంటది, ఆదివారం లేచి నిలబడి, దేవుడు తనకు చేసిన మేలో, తను చేసిన తప్పో అందరి ముందల చెప్పుకునుడు. ఒక ఆదివారం బాపు పెంటయ్య మామను బువ్వకు పిలిచిండు. మామ గుడి గడప కాడ కూసొని పాటలు వింటున్నడు. బాపు లేచిండు. బుగ్గ నక్షత్రం కోసం తీసిన, మళ్ల పెట్టలే, ఆనాడు బుగ్గ ఎలగలే, పెంటయ్య చెయ్యి నా వల్లనే ఇరిగింది అని ఏడ్సుకుంట చెప్పిండు. చెప్పినంక ఆయన భుజాలు దిగినయ్, నేను చూసిన. నాకు గూడ ఊపిరాడినట్టయింది.

అప్పుడు ముందట కూసున్న సంఘపెద్ద ఒకాయన గడప దిక్కు తిరిగి, చెడ్డగ గాదు, నవ్వుకుంటనే అడిగిండు: "అయితే ఎలిగిందని ఆనాడు అబద్ధమాడినవా పెంటయ్యా?"

అందరి తలలు తిరిగినయ్. మా తప్పు మేం చెప్పుకుంటున్నం అనుకున్నం గని, ఆయన అబద్ధాన్ని గూడ బయట పెడుతున్నమన్న సోయి మా ఇంట్ల ఒక్కరికి రాలే. పెంటయ్య మామ లేచి, బాపు బయటికి వచ్చేదాంక కారు కాడ నిలబడ్డడు.

"నా నోట్ల నుంచి ఒక్క మాట పడ్డది, నీ కోసం" అన్నడు. "దాన్ని తెచ్చి నడి గుడిల పెట్టినవ్. నీ బరువు దింపుకున్నవ్, మంచిదే. నేనేడ దింపుకోవాలె దానేలన్నా?"

బువ్వకు రాలే. ముచ్చట ఊరు దాటింది. మొదలు పరాచికాలే: "ఎలిగిందన్న నోరే గద, నీళ్లు కలుపలే అంటే ఎట్ల నమ్ముదం" అని చాయ హోటలాయన నవ్విండు. తర్వాత పాలల్ల నీళ్లున్నయో లేవో చూపే గాజుపుల్ల కొనుక్కొచ్చి, అందరి ముందల ఆయన క్యానుల ముంచి చూసిండు. నీళ్లు లేవు, ఎన్నడూ లేవు. అయినా ముంచుడైతే ముంచిండ్రు గద. మామ మా కారుల ఎక్కుడు మానిండు. ఆఖరికి బర్లనమ్మి, చిల్కూరు దిక్కు ఒక తోటల కావలికి పోయిండు. మా కారు ఎనుక రెండు బుగ్గలు శానా ఏండ్లు మంచిగ ఎలిగినయ్, చూసుకుంట వచ్చేటోడే లేకుండె.

సాక్ష్యం చెప్పిన ఆదివారం బాపు రొట్టె తిన్నడు. మామ పాలు బంద్ పెట్టినంక మళ్ల ఎన్నడూ ఆ రొట్టె ముట్టలే. "ఒప్పుకున్నవ్ గద, ఇంకేం తప్పు మిగిలింది?" అని గుడిల వాక్యం చెప్పే అయ్యగారు ఇంటికొచ్చి అడిగితే, "ఒప్పుకునుడే తప్పయింది అయ్యగారూ" అన్నడు. ఆయనకు అర్థం కాలే. అమ్మ లోపటికి పోయింది. చెప్పమని పోరింది ఆమెనే.

ఇప్పుడు బాపు లేడు, అమ్మ లేదు, పెంటయ్య మామ అంతకు ముందే పోయిండు. ఆ కారు తుక్కు కింద పోయింది. పాల సైకిళ్లు లేవు, పాలు పాకిట్లల్ల వస్తయ్, ఎవలి మాట మీదనో నమ్మి తాగే పని లేదు. టమాట చేన్లున్న జాగల గోడలు, గోడల మీద ముండ్ల తీగెలు, లోపల ఫాంహౌసులు. కార్లు ఉన్నయ్, లెక్క లేనన్ని.

మొన్న ఎండల నిలబడి ఇదంతా తలుసుకుంటుంటే, రోడ్డు పక్కన మక్కకంకులు కాలుస్తున్న ఒకామె నన్ను పరీక్షగ చూసింది. "నువ్వు డ్రైవరు దానేలు బిడ్డవు గాదు? రాయేలక్కవు గాదు?" అన్నది. పెంటయ్య మామ చిన్నబిడ్డ. నెరిసిన ఎంటికలు, నోట్లె పండ్లు సగమే, నవ్వితే మాత్రం తండ్రి మొఖమే. ఎండ తగులకుంట నన్ను తన గొడుగు కిందికి గుంజుకున్నది. మంచి చెడ్డలు అడిగింది. ఒక కంకి ఏరి నా చేతుల పెట్టి, ఎన్నడో అడగాలనుకున్న తీరుగ అడిగింది: "అక్కా, మా నాయిన సచ్చేదాంక ఒక్కటే మాటన్నడు, ఆనాడు లైటు ఎలిగింది, నేను అబద్ధమాడలే అని. మేమే నమ్మకపోతిమి. నువ్వు కారుల ఉంటివి గద. ఎలిగిందా అక్కా?"

ఆదివారం బడిల ఏండ్లకేండ్లు పిల్లలకు అబద్ధమాడొద్దని పాఠం చెప్పినదాన్ని. అవతల మావోడు కారుల నుంచి హారన్ కొడ్తున్నడు.

"ఎలిగింది చెల్లె" అన్న. "ఎర్రగ ఎలిగింది. నేను కండ్లార చూసిన."